సోమిదేవమ్మగారి కన్ను

నిప్పు గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా మా ఆయన్ని అడగొచ్చు. జపాన్‌లో బౌద్ధ సన్యాసులు చేసే హోమంలో సమిధలు ఎలా పేరుస్తారో చెబుతారు. పార్సీల గుడిలో నిప్పు ఆరకుండా ఎలా కాపాడతారో చెబుతారు. టిబెట్‌లో నెయ్యి పోసే గరిటె ఎలా ఉంటుందో బొమ్మ గీసి మరీ చూపిస్తారు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించమంటే మాత్రం లైటరు తలకిందులుగా పట్టుకుని నిలబడతారు.

ఆయన పేరు రామ్‌ప్రసాద్. అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెబుతారు. మా పెళ్ళయిన కొత్తలో హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో, ఆసియా మతాల విభాగంలో పీహెచ్‌డీకి చేరారు. 'ఆసియా మతాల్లో గృహాగ్ని: గ్రంథం, ఆచారం' అన్నది అంశం. మా అమ్మాయి పుట్టింది, దానికి పళ్ళొచ్చాయి, ఆ పళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి. థీసిస్ మాత్రం రాలేదు. ఎప్పుడడిగినా మూడో అధ్యాయం దగ్గరే ఉన్నానంటారు. నేను మా పక్కన నగరం అనే ఊళ్ళో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. మూడు తర్వాత నాలుగు రావాలని పిల్లలకి చెప్పగలిగాను గాని ఈయనకి చెప్పలేకపోయాను.

అయినా నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు. ఆయన్ని తలుచుకుంటే నాకు బీపీ పెరుగుతుంది. చెప్పబోయేది మా అత్తయ్యగారి గురించి.

ఆవిడ పేరు కనకమహాలక్ష్మి. ఆ పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. మామిడికుదురు దాటాక వైనతేయ నది గట్టు పక్కన ఉన్న మా ఊళ్ళో ఆవిడ అందరికీ సోమిదేవమ్మగారే. మా మావయ్యగారు అచ్యుతరామయ్యగారు వేదం చదువుకుని, పెళ్ళయిన కొద్ది కాలానికే అగ్నులు ప్రతిష్ఠ చేసుకుని, సోమయాగం చేసి సోమయాజులుగారయ్యారు. సోమయాజిగారి భార్య సోమిదేవమ్మ. బిరుదు ఘనంగానే ఉంటుంది. పనేమిటంటే, నిప్పుకి కాపలా.

ఇంటి వెనక భాగంలో అగ్నిశాల అని ఒక గది ఉంది. అక్కడి నిప్పు ఎప్పుడూ ఆరకూడదు. పొద్దున్నా సాయంత్రమూ మావయ్యగారు అందులో పాలు హోమం చెయ్యాలి. చేసేటప్పుడు భార్య పక్కన పీటమీద ఉండాలి. భార్య లేకపోతే భర్తకి ఆ నిప్పుమీద అధికారం లేదట. పనిబడితే మావయ్యగారు హోమం శిష్యుడికి అప్పగించి ఊరెళ్ళొచ్చు. ఆవిడ మాత్రం పొద్దువాలేసరికి ఇంట్లో ఉండాలి. రామచంద్రపురంలో జరిగిన మా పెళ్ళికి మా అత్తగారు రాలేదు. రాత్రి ముహూర్తం కదా. మావయ్యగారు వచ్చి కూర్చున్నారు, పెళ్ళికొడుకు తల్లికి వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. మావాళ్ళంతా అత్తగారికి ఈ సంబంధం ఇష్టం లేదేమోనని గుసగుసలు. మర్నాడు నేను కాపురానికొస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి నా గడ్డం పట్టుకుని, "నిన్న రాత్రి ముహూర్తం వేళకి నేనిక్కడే కూర్చుని అక్షింతలు వేసేనే, నీకు తగిలేయా?" అని అడిగారు. ఆవిడ మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ మాట అడ్డొస్తుంది.

కోపం ఎందుకు రాదూ? బోలెడుసార్లు వచ్చింది. ఎడమ కన్ను మసకలేస్తోందని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే "పర్లేదే, వయసు" అన్నారు. ఆ కన్ను పూర్తిగా పోయింది. అప్పుడూ "పర్లేదే, ఇంకోటుందిగా" అన్నారు. కరోనా రోజులు కాబట్టి అప్పట్లో నేను కూడా గట్టిగా లాక్కెళ్ళలేకపోయాను. ఆ తర్వాత కుడికన్ను మొదలైంది. పాలు గిన్నెలో పోస్తున్నాననుకుని పక్కన పోశారు. పిడకల బుట్ట అనుకుని బియ్యం చేటలో చెయ్యి పెట్టారు. ఒకరోజు హోమం అయి లేచి వస్తుంటే చీర కుచ్చిళ్ళ దగ్గర నిప్పురవ్వ పడి కాలుతోంది, ఆవిడకి తెలియలేదు. ఆ మర్నాడే సత్తిబాబు ఆటో పిలిచి, హోమం అవ్వగానే అమలాపురం తీసుకుపోయాను.

కళ్ళ డాక్టరు సత్యశ్రీగారు చాలాసేపు చూశారు. అత్తయ్యగారు అలవాటు ప్రకారం "ఏదో కాస్త మసగ్గా ఉంటోందమ్మా, పర్లేదు" అన్నారు.

"పర్లేదంటారేంటండీ!" అని డాక్టరుగారు నావైపు తిరిగారు. "ఒక కన్ను ఎలాగూ పోయింది. ఇందులో శుక్లం బాగా ముదిరిపోయిందండీ. ఇంకా ఆలస్యం చేస్తే లోపల ప్రెషర్ పెరిగి ఇదీ పోతుంది. అప్పుడు నేను కాదు కదా, ఎవరూ ఏం చెయ్యలేరు. ఆపరేషను పెద్ద పనేం కాదు, పొద్దున్న వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. కానీ తర్వాత నెల్లాళ్ళు పొగ తగలకూడదు. కన్ను నలపకూడదు, తడి తగలకూడదు, ముఖ్యంగా పొగ."

నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంటున్నారు.

తిరిగొచ్చేటప్పుడు సత్తిబాబు అద్దంలోంచి అడిగాడు. "డాక్టరమ్మగారు ఏవన్నారండీ?"

"నెల్లాళ్ళు పొగ తగలకూడదంట."

"ఆయ్! మరి మీ ఇంట్లో ఉండేదే పొగ కదండీ!"

ఆటో నడిపే మనిషికి తోచిన మాట మా ఇంట్లో పండితులకి తోచడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెబితే మీరు నమ్మరు. మా పక్కనే, నగరం మీదుగా, గ్యాసు పైపులు భూమిలోంచి ఎక్కడెక్కడికో పోతాయి. ఆ గ్యాసుతో ఎవరెవరి ఇళ్ళలోనో పొగలేని పొయ్యిలు. మా అత్తయ్యగారి కంట్లో మాత్రం రెండు పూటలా పిడకల పొగ.

మావయ్యగారు చెడ్డవారు కాదు. అదే నా బాధ. చెడ్డవారైతే ఒకసారి పోట్లాడేసి ఊరుకుందును. డాక్టరు చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. విని, "అమ్మా, ఆపరేషను చేయించాల్సిందే. కానీ నెల్లాళ్ళు ఆవిడ శాలలోకి రాకపోతే ఎలాగ? పత్ని పీటమీద లేకుండా ఈ అగ్ని నాకెక్కడిది? యవ్వనంలో పెట్టుకున్న నిప్పు. ఆరిపోయిందంటే ఈ వయసులో మళ్ళీ పెట్టుకోలేను," అన్నారు. ఆయన గొంతులో భయం వినపడింది. ఆయనకి ఆ నిప్పు తప్ప ఇంకో లోకం తెలియదు.

"ఆవిడకి చూపు పోయాక పీటమీద ఉండి మాత్రం ఏం చేస్తారు మావయ్యగారూ?"

"చూద్దామమ్మా. కార్తీకం వెళ్ళనీ."

ఈయన్ని అడిగాను. ఈయన కళ్ళజోడు సర్దుకుని, "ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న వైదేహీ," అన్నారు. "పత్ని ఉండాలంటే పక్కనే ఉండాలా, ఇంట్లో ఉంటే చాలా, ఊళ్ళో ఉంటే చాలా అన్నదానిమీద సూత్రకారుల్లో భేదాలున్నాయి. మూడో అధ్యాయంలో దీన్నే..."

"ఇది ప్రశ్న కాదండీ. మీ అమ్మగారు."

"అదేలే, నేననేదీ అదే."

ఆయన అనేది అది కాదు. ఆయనకి కూడా తెలుసు. తండ్రి ముందు నోరెత్తలేక పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. లోపల మథనపడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది, తెలిసి ఇంకా ఒళ్ళు మండింది.

కార్తీకం వెళ్ళింది. డాక్టరుగారు ఒక తేదీ ఇస్తే పౌర్ణమి వెళ్ళాక చెయ్యాల్సిన ఇష్టి, అంటే ఓ చిన్న యాగం, ఉందని వాయిదా వేశారు. ఇంకో తేదీ ఇస్తే శిష్యుడు ఊళ్ళో లేడన్నారు. శిష్యుడికీ ఈవిడ కంటికీ ఏమిటి సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మూడోసారి నేనెవర్నీ అడగలేదు. డాక్టరుగారికి నేనే ఫోన్ చేసి గురువారం ఖాయం చేసి, ఇంట్లో చెప్పాను. అందరూ తలూపారు. ఊపిన తలలు ఇంకా నిలవకముందే హైదరాబాదునించి ఫోనొచ్చింది. ఈయన గైడు వీరేంద్రగారు స్వయంగా వస్తున్నారట. విభాగం తరఫున అగ్నిహోత్రం వీడియో తీసి భద్రపరుస్తారట. బుధవారం సాయంత్రం మొదలుపెట్టి శనివారం దాకా తీస్తారు. తీస్తే మూడో అధ్యాయం పూర్తయినట్టే.

"ఒక్క వారం వెనక్కి జరుపుదాం వైదేహీ," అన్నారు ఈయన, నావైపు చూడకుండా. "అమ్మ కూడా సరేనంది."

నేను పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు తోటకూర బాగు చేస్తున్నారు. ఆకులు చెత్తలోకి, కాడలు పళ్ళెంలోకి పోతున్నాయి.

"మీరు సరేనన్నారా అత్తయ్యా?"

"పోనీలేవే. పాపం వాడు ఇన్నేళ్ళ నించి కష్టపడుతున్నాడు. నా కన్నెక్కడికి పోతుంది?"

"పోతుందనే కదా ఆ డాక్టరమ్మ మొత్తుకునేది!"

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఎవరిమీద అరవాలో తెలియలేదు. తోటకూర లాక్కుని నేను బాగు చేశాను. గురువారం తేదీ మాత్రం నేను రద్దు చెయ్యలేదు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

బుధవారం సాయంత్రం వీరేంద్రగారు, కెమెరా పట్టుకున్న ఒక విద్యార్థిని, ఇద్దరూ వచ్చారు. మర్యాదస్తుడే. చెప్పులు వీధి గుమ్మంలోనే విడిచారు, మావయ్యగారికి దండం పెట్టారు, శాల గడప అవతలనుంచే వీడియో తీసుకుంటామని మాటిచ్చారు. ఈయన హడావుడి చెప్పనలవి కాదు. పొద్దున్నించీ నాలుగు చొక్కాలు మార్చారు. కాఫీలో పంచదార తగ్గించమని ఒకసారి, పెంచమని ఒకసారి వంటింట్లోకి వచ్చి చెప్పి వెళ్ళారు.

పొద్దువాలింది. అత్తయ్యగారు మడిచీర కట్టుకుని గోడ తడుముకుంటూ శాలలోకి వచ్చి పీటమీద కూర్చున్నారు. మావయ్యగారు పాలు కాచి హోమానికి సిద్ధమయ్యారు. నిప్పు కాస్త మందగించినట్టుంది. అత్తయ్యగారు పిడక ముక్క కోసం చెయ్యి చాచారు. పిడకలు ఎడమవైపున్నాయి. ఆవిడ చెయ్యి కుడివైపు పోయింది, తిన్నగా నిప్పుల అంచుమీదకి.

నేను గుమ్మం పక్కనే ఉన్నాను, చూశాను. వేళ్ళు ఒక్కసారి ముడుచుకున్నాయి. ఆవిడ చప్పుడు చెయ్యలేదు. హోమం మధ్యలో మాట్లాడకూడదు కదా, గుప్పిట పైటచెంగులో దాచుకున్నారు. కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పొగకో బాధకో తెలియదు. మావయ్యగారి చూపంతా చేతిలో గరిటెమీద ఉంది. ఈయన చూపంతా కెమెరామీద ఉంది. కెమెరా పట్టుకున్న పిల్ల మాత్రం చూసింది, చూసి నాకేసి తిరిగింది.

వీరేంద్రగారు ఈయన చెవిలో, "పొగలో అమ్మగారి ముఖం సరిగ్గా రావడం లేదు. కొంచెం ఇటు తిరగమనొచ్చా?" అన్నారు. ఈయన తలూపారు.

నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. హోమం అయ్యేదాకా ఆగాను. ఆగడానికి నేనెంత కష్టపడ్డానో ఆ అగ్నిదేవుడికి తెలియాలి.

అయ్యాక అత్తయ్యగారిని వంటింట్లో కూర్చోబెట్టి వేళ్ళకి కలబంద గుజ్జు రాశాను. బొబ్బలెక్కుతున్నాయి. "ఎవరికీ చెప్పకే, పెద్దాయన బాధపడతారు," అంటున్నారు. నేను కాఫీలు తీసుకుని వెళ్ళేసరికి బయట అరుగుమీద సంభాషణ మొదలైంది. వీరేంద్రగారు ఫోనులో రికార్డింగ్ పెట్టి అడుగుతున్నారు. "సోమయాజులుగారూ, ఇన్నేళ్ళలో అమ్మగారు ఆ పీటమీద లేకుండా హోమం జరిగిన రోజు ఎప్పుడైనా ఉందాండీ?"

మావయ్యగారు నోరు తెరిచేలోపే ఈయన అందుకున్నారు. "ఒక్క రోజు కూడా లేదు సార్! నా థీసిస్‌కి అదే ప్రాణం. నిరంతరాయంగా, ఒక్క పూట కూడా తప్పకుండా పత్నీ సమేతంగా..."

నా చేతిలో కాఫీ పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

"ఎందుకు లేదూ?" అన్నాను.

అందరూ తలలెత్తారు.

"ఎందుకు లేదండీ? ఆవిడ ఆడది కాదా? నెలనెలా మూడు రోజులు బయట ఉండలేదా? మిమ్మల్ని కన్నప్పుడు పురిట్లో లేరా? ఆ రోజుల్లో ఆవిడ్ని ఆ గది గడపైనా తొక్కనిచ్చేరా? మరి అప్పుడు ఆ పీటమీద ఎవరు కూర్చున్నారు? హోమం ఆగిందా? నిప్పు ఆరిందా?"

"వైదేహీ! పరాయివాళ్ళ ముందు అవేం మాటలే? నోరు ముయ్యి!" వంటింట్లోంచి అత్తయ్యగారి కేక.

"ముయ్యను అత్తయ్యా. ఇన్నాళ్ళు మూసుకున్నది చాలు. ముట్టుకోకూడదు కాబట్టి మూడు రోజులు దూరంగా ఉండండంటే హోమం దివ్యంగా జరుగుతుంది. కన్ను పోతోంది, నెల్లాళ్ళు దూరంగా ఉండనివ్వండంటే మాత్రం శాస్త్రం అడ్డొస్తుందా? రేపు ఆపరేషనుకి తేదీ ఉంది. నేను రద్దు చెయ్యలేదు. ఆవిడ చూపు పోయాక మీరు వీడియో ఎంత బాగా తీసినా ఆవిడ చూసుకోలేరు!"

అరుస్తున్నాననుకున్నాను గాని ఏడుస్తున్నానట. తర్వాత మా అమ్మాయి చెప్పింది.

వీరేంద్రగారు తల వంచుకున్నారు. మావయ్యగారు కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, వేదస్వరంతో ఒక వాక్యం చెప్పారు. ఆ గొంతు విన్నప్పుడల్లా నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది, అప్పుడూ అంతే. చెప్పి కళ్ళు తెరిచి నాకేసి చూశారు.

"వేదంలోనే ఉందమ్మా. పత్ని ఆ స్థితిలో ఉంటే ఆవిడ్ని దూరంగా ఉంచి, హోమం మానకుండా చెయ్యమని. ఆ రోజుల్లో నేనొక్కణ్ణే చేసేవాణ్ణి. నిజమే. ఆగలేదు."

"అది నా మూడో అధ్యాయంలో ఉంది నాన్నగారూ," అన్నారు ఈయన మెల్లిగా.

"ఉంటే చెప్పరేం?" అన్నాను.

"అది మైల ప్రకరణం వైదేహీ. సందర్భం వేరు కదా అని..." ఈయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"వాణ్ణనకమ్మా. నేను కూడా అలాగే చదువుకున్నాను," అన్నారు మావయ్యగారు. "మైలకి చెప్పిన మాటనే చదివేను. బాధకి కూడా పనికొస్తుందని నాకెప్పుడూ తోచలేదు." లోపలికి చూస్తూ పిలిచారు. "కనకం, ఇలా రా. ఏదీ, ఆ చెయ్యి చూపించు."

అత్తయ్యగారు గోడ పట్టుకుని వచ్చి గుప్పిట విప్పారు. ఆయన దీపం దగ్గరికి లాక్కుని చూశారు.

"ఎప్పుడు కాలింది?"

"ఇందాకే. మీరు హోమంలో ఉన్నారు."

"చెప్పవేం?"

"మీరు హోమంలో ఉన్నారు కదా," అన్నారావిడ మళ్ళీ.

మావయ్యగారు ఆ చెయ్యి వదలకుండానే అడిగారు. "రేపు ఎన్నింటికి రమ్మన్నారమ్మా డాక్టరుగారు?"

"పొద్దున్నేనండీ."

"అయితే హోమం దాకా ఆగకండి. చీకటుండగానే బయల్దేరండి. ఇక్కడిది నేను చూసుకుంటాను."

వీరేంద్రగారు ఫోను జేబులో పెట్టేసుకుని, మిగతా వీడియో అవసరం లేదన్నారు. మర్నాడు మాతోపాటు ఆయన కూడా ఆసుపత్రికి వచ్చి, మందుల షాపు దగ్గర నిలబడ్డారు. అంతదాకా ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

ఆపరేషను సవ్యంగా జరిగింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అత్తయ్యగారు వీధి గదిలోకి మారారు. శాల వెనకవైపు కాబట్టి పొగ ఇటు రాదు. మొదటి నాలుగు రోజులూ పొద్దువాలే వేళకి ఆవిడకి కాలు నిలవలేదు. "పాలు పితికేరా? పిడకలు ఉన్నాయా? ఆయనకి దగ్గొస్తోందే, వినపడిందా?" అని నా ప్రాణం తీశారు. ఐదో రోజో ఆరో రోజో, "వైదేహీ, ఇంట్లో కూర్చుంటే శాలలోకి వెళ్ళిపోతానేమోనని భయంగా ఉందే. అలా గట్టుమీదకి తీసుకెళ్తావా?" అన్నారు.

గట్టు మా ఇంటికి కూతవేటు. సత్తిబాబు అక్కడ ఆటో కడుక్కుంటూ మమ్మల్ని చూసి లేచి దండం పెట్టాడు. సూర్యుడు అవతలి ఒడ్డు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతున్నాడు. ఏరంతా ఎర్రగా ఉంది. పడవలు వెనక్కి వస్తున్నాయి, చేపలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకుంటున్నారు. రోజూ ఉండేదే. నేనైతే స్కూలు నించి వస్తూ తలెత్తి కూడా చూడను.

అత్తయ్యగారు కళ్ళద్దాలు కొంచెం కిందికి జార్చి చూశారు. డాక్టరు తిడతారని నేనన్నాను. వినిపించుకోలేదు.

"ఇలా ఉంటుందేవిటే?" అన్నారు.

"ఏది అత్తయ్యా?"

"సాయంత్రం."

నాకు మొదట అర్థం కాలేదు.

"కాపురానికొచ్చిన కొత్తలో ఒకట్రెండుసార్లు చూసినట్టు గుర్తు. తర్వాత ఈ వేళకి ఎప్పుడూ లోపలే కదే," అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా కాదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పారు. రాత్రి ముహూర్తమని ఈవిడ మా పెళ్ళికి రాలేదన్నది ఒక్కటే నేను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఆవిడకి రోజూ సాయంత్రాలే లేవని నాకు ఎప్పుడూ తట్టలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరిమీదో చెప్పలేను.

ఆ తర్వాత రోజూ గట్టుమీదికే. చేపలవాళ్ళ పేర్లు నేర్చుకున్నారు. పడవ ఆలస్యమైతే కంగారు పడేవారు. నేను ఇంటినించి మూకుడులో వేయించి తీసుకెళ్ళిన వేరుసెనక్కాయలు అక్కడ కూర్చుని ఒలుచుకు తినేవారు. సోమిదేవమ్మగారు గట్టుమీద కూర్చుని వేరుసెనక్కాయలు తింటున్నారని ఊళ్ళో వింతగా చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

నెల గడిచింది. సత్యశ్రీగారు చూసి, "కన్ను చక్కగా ఉందండీ. ఇంక పొగ దగ్గరికి వెళ్ళినా పర్లేదు, కొంచెం జాగ్రత్తగా ఉండండి చాలు," అన్నారు. నేను సంతోషంగా ఆటో ఎక్కాను. పాశర్లపూడి దాటాక అత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని, సత్తిబాబుకి వినపడకుండా అనుకుని, గట్టిగానే అన్నారు.

"వైదేహీ, ఇంకో నెల అన్నారని చెప్పవే."

ఈవిడ జన్మలో అబద్ధమాడి ఎరగరు. ఒంటి కన్నుతో నాకేసి చూస్తున్నారు, స్కూల్లో చిన్నపిల్లలు లీవు లెటరు ఇచ్చి చూసినట్టు.

ఇంటికి రాగానే ఈయన ఎదురొచ్చారు. "ఏమన్నారు?"

"ఇంకో నెల పొగ తగలకూడదన్నారు," అన్నాను మొహం చెదరకుండా.

మావయ్యగారు అరుగుమీద కూర్చుని ఉన్నారు. ఒక్క క్షణం అత్తయ్యగారి వైపు చూశారు. "ఆయ్, అలాగే," అని హోమానికి లేచారు.

ఈయన ఊరుకుంటారా? ఆ రాత్రి భోజనాల దగ్గర మూడో అధ్యాయంలో కొత్తగా రాసిన వాక్యం చదివి వినిపించారు. 'నేత్రచికిత్స పిదప పత్నికి రెండు మాసముల ధూమవర్జనమును పాటించు ఆచారము కోనసీమలో నేటికిని గలదు.' అత్తయ్యగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. "బాగుందండీ, అలాగే రాయండి," అన్నాను నేను. అబద్ధమో ఆచారమో, ఆ అధ్యాయం కదిలితే అదే చాలు.

మర్నాడు సాయంత్రం మావయ్యగారు హోమం ముగించుకుని దగ్గుతూ బయటికి వచ్చారు. అత్తయ్యగారు ఇంకా గట్టుమీదనించి రాలేదు. నేను మంచినీళ్ళిస్తే తాగి గ్లాసు కింద పెట్టారు.

"అమ్మా, నిన్న డాక్టరుగారు నెలకే సరిపోయిందన్నారటగా. సత్తిబాబు చెప్పేడు."

నేను గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"మీ అత్తయ్యతో అనకు," అన్నారాయన. "గట్టుమీద చలిగాలి వేస్తోంది. రేపట్నించి శాలువా కప్పుకుని వెళ్ళమను."

ఇంట్లో ఒకే శాలువా ఉంది. ఇన్నేళ్ళు నిప్పు ఆరకుండా కాపాడినందుకు ఎవరో సభ పెట్టి మావయ్యగారికి కప్పినది. కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టాం, ఎవరూ వాడలేదు. తీసి దులిపి, దండెంమీద ఆరేశాను.